రూతమ్మ అత్తవారిల్లు

అల్వాల్, సికింద్రాబాద్
జూలై 8, 2024

శ్రీమతి దేవకృప గారికి,

విషయం: లక్కపిడతల సెట్టులోని ఇసుర్రాయి ఒకటి 1966వ సంవత్సరం నుండి వాపసు అందకపోవుట గురించి.

పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా...

ఇంతవరకే సాగింది కృపా, ఇక నా వల్ల కాదు. ముప్పై మూడేళ్ళు సర్కారు ఆఫీసులో ఫైళ్ళు రాసిన చెయ్యి కదా, కోపం వస్తే ఇప్పటికీ ఇలాగే మొదలుపెడుతుంది. ఫోను చేసి అడగొచ్చు. కానీ ఫోనులో నువ్వు "అవునా, అలాగా, స్టవ్ మీద పాలున్నాయే" అని తప్పించుకుంటావు. ఇది రాతలో ఉండాలి.

సైనిక్‌పురిలో మా తమ్ముడు భానుప్రకాశ్ వాళ్ళ కాలనీ హాలులో నవంబరులో ఒక ప్రదర్శన పెడుతున్నారు. మన చిన్నప్పటి ఆటబొమ్మలన్నీ ఒకచోట చేర్చి ఇప్పటి పిల్లలకు చూపిస్తారట. నడిపేది ఎమిలీ అని ఒక రిటైర్డ్ టీచరమ్మ. పట్టిందంటే వదిలే మనిషి కాదు. ఇంటింటికీ తిరిగి రబ్బరు బాతులనీ, తాళం తిప్పితే డప్పు కొట్టే కోతులనీ పోగు చేస్తోంది. మా అక్క దగ్గర లక్కపిడతల సెట్టు నిండుగా ఉందని భాను ఆమెతో గొప్పలు చెప్పాడు. సరేనని అటక మీది చెక్క డబ్బా దింపించాను. దింపింది మా ఆయన సదాశివ. దింపుతూ తుమ్మి, తుమ్ముతూ నిచ్చెన మీద ఒక మెట్టు జారారు. ఆ నింద కూడా నీ మీదే వేశాను.

డబ్బా తెరిస్తే మెట్టుగూడ రైల్వే క్వార్టర్సు కళ్ళ ముందుకొచ్చాయి. ఎర్ర పొయ్యి, పసుపు బిందె, బొటనవేలంత రోలు, అగ్గిపుల్లంత రోకలి, చిటికెన వేలు కూడా దూరని గ్లాసులు, అన్నీ ఉన్నాయి. ఇసుర్రాయి మాత్రం లేదు. మీ నాన్నగారికి రాజమండ్రి బదిలీ అయి మీరు సామాన్లు కడుతున్న రోజున అది నీ చేతిలో ఉండగా నేను చూశాను. యాభై ఎనిమిదేళ్ళు మర్యాదగా ఊరుకున్నాను. సదరు వస్తువును భద్రంగా వాపసు చేయు భాద్యత తమదే అని గుర్తుచేస్తున్నాను.

"గా చెక్క ముక్క కోసం గింత పెద్ద లెటరా? జనరల్ బజార్ల మస్తు దొరుకుతయ్, కొనుక్కో రాదే" అంటున్నారు మా ఆయన. ఆయనకు నిచ్చెన ఎక్కడమే రాదు, ఇదేం తెలుస్తుంది?

రిజిస్టర్డ్ పోస్టులో పంపు.

ఇట్లు,
కల్పలత
రిటైర్డ్ సెక్షన్ సూపరింటెండెంట్

*

నరసాపురం
జూలై 17

వియ్యపురాలు కల్పలతకు,

బాధ్యత. వత్తు "బ"కి కాదే, "ద"కి. ముప్పై మూడేళ్ళు ఫైళ్ళు రాశానంటావు, ఆ ఫైళ్ళు చదివినవాళ్ళను తలుచుకుంటే జాలేస్తోంది. నేను ముప్పై ఆరేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. ఈ తప్పుకి ఎనిమిదో తరగతి పిల్లలతో వందసార్లు రాయించేదాన్ని. నీకు పదిసార్లతో సరిపెడుతున్నాను, వయసును బట్టి.

రెండోది, దాన్ని తిరగలి అంటారు.

మూడోది, అవును, నా దగ్గరే ఉంది. మా అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల పక్కన కూర్చుని ఉంది. నేను దాచలేదు. నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. దొంగతనం అంటావేమో, కానే కాదు. అది తాకట్టు.

రూతమ్మ గుర్తుందా? మా అమ్మ కుట్టిన గుడ్డబొమ్మ. నల్లపూసల కళ్ళు, ఎర్రదారం మూతి, మూరెడు జడ. ఆ ఏడు పరీక్షలైపోయాక మేడమెట్ల కింద దానికీ మీ చెక్క రాజుకీ పెళ్ళి చేశాం కదా. నేను చర్చిలో నేర్చుకున్న పాట పాడాను. పంతులు మీ భాను. ఏడేళ్ళ వెధవకి మంత్రాలెక్కడొస్తాయి? స్టేషన్‌లో మైకులో విన్నది చదివాడు. సికింద్రాబాద్, మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి అంటూ రాగం తీసి, కాజీపేట రాగానే "ఇప్పుడు తాళి కట్టు" అన్నాడు. ఆ పెళ్ళికి మీ ఇసుర్రాయిలో, చూడు, నాకూ నీ మాట అంటుకుంది, ఆ తిరగలిలో పుట్నాలు విసిరి పిండివంట చేశాం.

పదహారు రోజుల పండుగ అయ్యాక అమ్మాయిని పుట్టింటికి పంపుతాను అన్నావు. పంపలేదు. బదిలీ అయింది. రైలెక్కేటప్పుడు అడిగితే "పంపిస్తా" అన్నావు. నువ్వు పంపవని అనుమానం వచ్చే, ఆ పొద్దునే నేను తిరగలిని అన్నం క్యారియరు సంచిలో వేసుకున్నాను.

నా పిల్లను పంపు, నీ రాయి పంపుతాను. నువ్వే రాతలో మొదలుపెట్టావు కాబట్టి రాతలోనే తేలాలి. ఫోను చేస్తే ఎత్తను.

మా ఆయన ప్రభుదాస్ మీ ఇద్దరినీ అడిగానని రాయమన్నారు. సెప్టెంబరు చివర్లో ఆయన కంటి ఆపరేషన్.

కృప

*

అల్వాల్
ఆగస్టు 2

గౌరవనీయులైన వియ్యపురాలు గారికి నమస్కారాలు.

బాధ్యత, బాధ్యత, బాధ్యత. మిగతా ఏడూ నువ్వే రాసుకో.

కోడలు కులాసాగా ఉంది. అయితే ఈ మధ్య కొంచెం నలతగా ఉంటోంది. వయసు అరవై దాటింది కదా, ప్రయాణాలు పడవు. పట్టుగుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టాను. గాలి తగిలితే ఇబ్బందని ఎవరికీ చూపించడం లేదు. అలాంటి పరిస్థితుల్లో ఆమెను నరసాపురం పంపడం మా ఇంటి పద్ధతి కాదు.

ఇసుర్రాయి అలా కాదు, చెక్కది. ప్రయాణానికి తట్టుకుంటుంది. ముందు దాన్ని పంపితే కోడలి విషయం సావధానంగా పరిశీలిస్తాను. ఎమిలీ గారు రోజు విడిచి రోజు ఫోను చేస్తున్నారు. "సెట్ కంప్లీట్ గా ఉండాలి మేడం, ఇన్‌కంప్లీట్ అంటే నాకు మనసొప్పది" అంటుంది. మొన్న ఏకంగా ఇంటికే వచ్చి, డబ్బా తెరిచి, ప్రతి గిన్నెనూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

ప్రభుదాస్ గారి కన్ను జాగ్రత్త. ఇక్కడ వానలు.

కల్ప

*

నరసాపురం
ఆగస్టు 14

కల్పా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పరీక్షకి చదవకుండా వచ్చిన పిల్ల జవాబు పత్రంలా ఉంది. దస్తూరీ బాగుంది, సరుకు లేదు. "పరిస్థితుల్లో", "పద్ధతి", "పరిశీలిస్తాను". ఎప్పుడు నువ్వు "ప"తో మొదలయ్యే మాటలు ఎక్కువ వాడతావో అప్పుడు ఏదో దాస్తున్నావని నాకు మూడో తరగతి నుంచి తెలుసు.

కోడలికి ప్రయాణం పడకపోతే ఒక ఫోటో తీసి పంపు. కంటితో చూస్తాను, చాలు.

ఇంకో మాట. నీకెప్పుడూ చెప్పలేదు, చెప్పే సందర్భం రాలేదు. రాజమండ్రి వెళ్ళిన రెండో ఏడు అమ్మ పోయిందని నీకు తెలుసు. ఆ తరవాత నాన్న అమ్మ చీరలూ జాకెట్లూ అన్నీ చర్చికిచ్చేశారు. ఇంట్లో చూసి ఏడుస్తామని ఆయన భయం. అమ్మ చేత్తో కుట్టినదేదీ నా దగ్గర లేదు. ఒక జేబురుమాలు కూడా లేదు. రూతమ్మ జాకెట్టు అమ్మ ఊదారంగు చీర చెంగులోది. అమ్మకి జ్వరంగా ఉన్న వారంలో మంచం మీద కూర్చుని కుట్టింది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కించేదాన్ని.

అందుకని అడిగాను. నీ మీద కోపంతో మొదలుపెట్టిన మాట నిజమే గానీ, రాస్తూ రాస్తూ ఉంటే నిజంగానే చూడాలనిపించింది.

ఫోటోలో జడ కనబడేలా తీయి.

కృప

*

అల్వాల్
ఆగస్టు 29

ప్రియమైన కృపకు,

అడిగిన ప్రకారం ఫోటో జతచేశాను. స్టూడియోలో కడిగించాను. జడ కనబడుతోంది. కోడలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇక్కడ అందరం క్షేమం. పని ఎక్కువగా ఉండి ఇంతకంటే రాయలేకపోతున్నాను.

కల్పలత

*

నరసాపురం
సెప్టెంబరు 6

కల్పలత గారికి,

ఈ అమ్మాయి ఎవరండీ?

జాకెట్టు పాలిస్టరు. మిషను కుట్టు. రెండు చేతులకీ అయిదేసి వేళ్ళున్నాయి, మా అమ్మ వేళ్ళు కుట్టలేదు, పిడికిలిలా కుట్టి వదిలేసింది. జుట్టు బూటు పాలిష్‌లా మెరుస్తోంది. అన్నిటికీ మించి, మెడ వెనకాల చిన్న చీటీ కనబడుతోంది, దాని మీద చేత్తో ఉతకమని ఇంగ్లీషులో రాసి ఉంది. భూతద్దం పెట్టి చదివాను. అరవై ఆరులో మెట్టుగూడలో ఏ బొమ్మకి అలా రాశారో చెప్పండి.

ప్రభుదాస్ గారు నవ్వు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళారు. నాకు నవ్వు రాలేదు. అమ్మ సంగతి రాశాక కూడా ఇలా చేశావు. నా పిల్ల పోయిందంటే పోయిందని చెప్పు, కాలిందంటే కాలిందని చెప్పు. ఇంకో పిల్లని పీటల మీద కూర్చోబెట్టి ఫోటో తీయిస్తావా?

తిరగలి రాదు. నేనూ ఇక రాయను.

దేవకృప

*

అల్వాల్
సెప్టెంబరు 19

కృపా,

రాయనన్నావు. చదవనని అనలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ బొమ్మను జనరల్ బజారులో కొన్నాను. జుట్టుకు పూసింది బూటు పాలిషే, మా ఆయనది. ఆయన పక్కన నిలబడి "ఈ ఉమర్‌ల ఫోర్జరీ ఏందే? పెన్షన్ ఆపేస్తరు జెర చూస్కో" అంటూనే ఉన్నారు. వినలేదు. సిగ్గుగా ఉంది. అమ్మ గురించి నువ్వు రాసింది చదివాకే అలా చేశాను. నీ దగ్గర అమ్మది ఏమీ లేదని తెలిశాక, నా దగ్గరా లేదని చెప్పే ధైర్యం చాలలేదు.

జరిగింది ఇది. పదహారో రోజు కదా, కొత్త పెళ్ళికూతురికి తలంటు పోయాలనుకున్నాను. మా అమ్మ నీళ్ళకు పోయిన సమయం చూసి కుంకుడు రసంలో ముంచాను. రూతమ్మ లోపలంతా దూది కదా, నానిన గోనెసంచిలా బరువెక్కింది. పిండితే ఒక పక్క ఉబ్బింది. తీగ మీద ఆరేస్తే రెండు రోజులు కారింది. మూడో రోజు వాసన మొదలైంది. ఇక తొందరగా ఆరుతుందని కుంపటి పక్కన పడుకోబెట్టి తొక్కుడుబిళ్ళ ఆడుకోవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఎడమకాలు మోకాలి దాకా మాడిపోయింది.

తీసుకెళ్ళి బొగ్గుల డబ్బాలో అడుగున దాచాను. నాలుగు రోజుల తరవాత చూస్తే అక్కడ లేదు. అమ్మ పొయ్యిలో వేసి ఉంటుందనుకున్నాను. అడిగితే దెబ్బలు. నువ్వు రైలెక్కుతూ అడిగినప్పుడు అది ఈ లోకంలోనే లేదని నాకు తెలుసు. అయినా "పంపిస్తా" అన్నాను. రైలు కదిలాక ఇంటి దాకా ఏడ్చుకుంటూ వచ్చాను. నువ్వు వెళ్ళిపోతున్నందుకని అందరూ అనుకున్నారు. అదీ ఉంది, కానీ సగమే.

ఇప్పుడు అసలు సంగతి విను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే సైనిక్‌పురి వెళ్ళాను. మా అమ్మ విజయమ్మ భాను దగ్గరే ఉంటోంది. ఎనభై ఏడు నిండాయి. మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే పనిచేస్తున్నాయి, నాలుక మరీ బాగా పనిచేస్తోంది. చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది.

"అమ్మా, మెట్టుగూడల ఉన్నప్పుడు బొగ్గుల డబ్బల ఒక గుడ్డబొమ్మ ఉండె. యాదికున్నదా?" అన్నాను.

"ఉండె. కాలు గాలిన బొమ్మ" అంది, నిన్న చూసినట్టు.

"పొయ్యిల వేసినవా?"

"పొయ్యిలెందుకు వేస్తనే? గంత మంచి దూది! మెత్తల పెట్టి కుట్టిన."

"ఏ మెత్తల?"

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఉంది. దాంతోనే తొట్టె వైపు చూపించింది.

భాను కూతురు లాస్య పురిటికి వచ్చి అక్కడే ఉంది. పాపకు నాలుగో నెల. పసిపిల్లలు దొర్లకుండా పక్కన పెట్టే చిన్న గుండ్రటి మెత్త ఉంటుందే, మీరు దిండు అంటారు, మా ఇంట్లో ఒకటుంది. మా అమ్మదే. నా పిల్లలిద్దరూ, లాస్యా, వాళ్ళన్నా, అందరూ దాన్ని కావలించుకునే పడుకున్నారు. ఇప్పుడు ఈ పాప. కృపా, రూతమ్మ అందులో ఉంది. నలభై ఏళ్ళకు పైగా మా పిల్లల్ని జోకొడుతూ ఉంది, మాకే తెలియదు.

నేను తొట్టెలో చెయ్యి పెట్టబోయాను. లాస్య అడ్డం వచ్చింది. "అత్తా, ప్లీజ్! పాప పండుకొని పది నిమిషాలు సుత కాలే. ఆ పిల్లో తీస్తే కాలనీ మొత్తం లేస్తది."

తియ్యలేదు. లోపల ఏం మిగిలిందో నాకు తెలియదు. దుమ్మే ఉందో, బొమ్మే ఉందో. నువ్వు చెప్పనిదే దాని కుట్టు విప్పే అధికారం నాకు లేదు. ఏం చెయ్యమంటావో రాయి. రాయకపోయినా నాకు తగిందే.

కల్ప

*

నరసాపురం
సెప్టెంబరు 28

కల్పా,

దీనితో పాటు పార్సిలు వస్తుంది. తిరగలి. మధ్యలో పుల్ల కొంచెం వదులైంది, తిప్పేటప్పుడు మెల్లగా తిప్పు. ఎమిలీ గారిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడమను.

కాలిన సంగతి నాకు అప్పుడే తెలుసే. ఎవరు చెప్పారో గానీ అమ్మకి తెలిసింది, అమ్మ నాకు చెప్పింది. "కల్ప భయపడిపోయి ఉంటుంది. నువ్వడక్కు. తనే తెచ్చి ఇస్తుంది చూడు" అంది. అందుకే సామాన్లు కట్టే రోజు దాకా నోరెత్తలేదు. స్టేషనులో ఇక ఆగలేక అడిగాను. నువ్వు వట్టి చేతులతో నిలబడి "పంపిస్తా" అన్నావు. నాకు బొమ్మ పోయినందుకు కాదు కోపం. అమ్మ మాట తప్పయిందని. అమ్మ ఎప్పుడూ మనుషుల్ని సరిగ్గా అంచనా వేసేది, నీ దగ్గరే పొరబడిందనుకున్నాను. ఫోటో అడిగింది కూడా అందుకే. ఇప్పటికైనా నీ అంతట నువ్వు చెబుతావేమోనని.

చెప్పావు. ఒక నకిలీ కోడలి తరవాత చెప్పావు, అయినా చెప్పావు.

ఈయన కన్ను నిన్ననే అయింది. ఇంకో నెల నేను కదలలేను, రెండు గంటలకోసారి చుక్కలు వెయ్యాలి. ఈయన వేయించుకునేటప్పుడు పాపాయిలా కళ్ళు బిగించేస్తారు. అప్పటిదాకా ఆగితే నాకు అన్నం సహించదు. విప్పు. విప్పి ఏముంటే అది రాయి. దుమ్మైతే దుమ్మని రాయి. పాప నిద్ర పాడుచెయ్యకు. ఆ పిల్ల మెలకువగా ఉన్నప్పుడే చెయ్యి.

కృప

*

అల్వాల్
అక్టోబరు 7

కృపా,

నిన్న పొద్దున పదకొండింటికి విప్పాం. పాప మెలకువగా ఉంది. భాను ఒళ్ళో పెట్టుకున్నాడు. అందరం చాప మీద చుట్టూ కూర్చున్నాం. మా ఆయన వీడియో తీస్తానన్నారు. తీశారు కూడా. పావుగంట వీడియో, మొదటి నుంచి చివరి దాకా ఆయన ముక్కు మాత్రమే ఉంది.

లాస్య గోళ్ళ కత్తెర తెచ్చింది. పైన కార్టూను కుందేళ్ళ గుడ్డ. అది తీస్తే కింద నీలం పువ్వులది. "ఇది నాది!" అంది లాస్య. దాని కింద ఎర్ర చారలది, వాళ్ళన్నది. దాని కింద ఆకుపచ్చ గళ్ళది, నా చిన్నవాడిది. దాని కింద పసుపు మరకలతో ఇంకొకటి. ఎవరు పుట్టినా అమ్మ పాతది విప్పకుండా పైన కొత్త గలీబు కుట్టేసిందట. విప్పుతున్నకొద్దీ మెత్త సన్నబడుతోంది. ఇక ఏమీ మిగలదేమో అనుకున్నాను.

చివరిది తెల్ల మల్లు గుడ్డ. అది విప్పితే రూతమ్మ ఉంది కృపా. మొత్తం ఉంది. ముఖం వెలిసిపోయింది. మూతి దారం సగం ఊడింది. పూసల కళ్ళు లేవు. పసిపిల్లల నోట్లో పోతాయని అమ్మ అప్పుడే తీసేసిందట. జడ ఉంది. ఊదారంగు జాకెట్టు ఉంది, చంకల్లో అసలు రంగు అలాగే ఉంది.

ఎడమకాలు కూడా ఉంది. నేను మోకాలి దాకా మాడ్చిన కాలు. అక్కడ కొత్త గుడ్డతో కాలు కుట్టి ఉంది, పాదంతో సహా. చిన్న చిన్న కుట్లు. నేను అమ్మ వైపు చూశాను. "నువ్వు కుట్టినవా?"

"నాకెక్కడొస్తదే గంత సన్న కుట్టు? డోర కుట్టింది, కృప వాళ్ళమ్మ."

అప్పుడు బయటపడింది. బొగ్గుల డబ్బాలో బొమ్మను చూసింది మా అమ్మే. తీసుకెళ్ళి మీ అమ్మకు చూపించి, "మా పిల్ల ఏం చేసిందో చూడు" అందట. డోరత్త నవ్వి, రెండు రోజుల్లో కాలు కుట్టి మా అమ్మ చేతికే తిరిగి ఇచ్చింది. "విజయా, నీ బిడ్డకియ్యి. తనే మా పిల్లకి ఇవ్వాలి, ఇద్దరి మనసూ తేలికవుతుంది" అందట.

"మరి నాకెందుకియ్యలేదమ్మా?" అని అరిచాను. భాను ఒళ్ళో పాప ఉలిక్కిపడింది.

"ఎట్లియ్యాలె? గా దినమే మా అత్త ఊరి నుంచి దిగింది, ఇద్దరు ఆడిబిడ్డలను వెంటేసుకొని. పది మందికి వండుడు, పెట్టుడు. ఆ పరేషాన్‌ల బొమ్మను సందుగపెట్టెల పెట్టి యాద్ మర్చిన. యాదికొచ్చేసరికి డోరోళ్ళు పోయిండ్రు."

"పోస్టుల పంపకపోతివి?"

అమ్మ మల్లు గుడ్డను మడత పెడుతూ కూర్చుంది. "పంపుదాం, పంపుదాం అనుకుంటనే ఉన్న. మల్ల డోర పోయిందని ఉత్తరం వచ్చింది. గిప్పుడు పంపితే ఆ పిల్ల చూసి ఏడుస్తదనుకున్న. నాకేమో దాన్ని చూడ బుద్ధి కాదు, పారెయ్య చేతులు రావు. చిన్న పిల్లల పక్కన ఉంటే మంచిగుంటదని గట్ల కుట్టిన."

దూది సంగతి వట్టిదే. మొన్న నాతో అలా చెప్పి తప్పించుకుంది. ఈ విద్య నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

మీ అమ్మ పొరబడలేదు కృపా. నా చేతికి వచ్చి ఉంటే నేను తెచ్చి ఇచ్చేదాన్నే. ఇచ్చేదాన్నని నమ్ము.

ఇప్పుడు ఒక తక్లీఫ్ ఉంది. నిన్న పాపకు కొత్త మెత్త కొనితెచ్చి పక్కన పెట్టారు. కాళ్ళతో తన్ని తోసేసింది. మధ్యాహ్నం నుంచి రాగం ఆపలేదు. పక్కింటి రిటైర్డ్ సుబేదారు వచ్చి "అంతా ఖైరియత్ హైనా?" అని అడిగి వెళ్ళాడు. చివరికి రూతమ్మను మల్లు గుడ్డలో చుట్టి పక్కన పెట్టాం. అయిదు నిమిషాల్లో పడుకుంది. ఇది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. నువ్వు వచ్చి నీ పిల్లను తీసుకుపో. లాస్యకు చెప్పాను, ఒప్పుకుంది, మొఖం మాత్రం ఇంత చేసుకుంది.

ప్రదర్శన నవంబరు 16న. ప్రభుదాస్ గారు నల్లద్దాలతోనే రావచ్చు.

కల్ప

*

నరసాపురం
నవంబరు 25

కల్పా,

క్షేమంగా చేరాం. దారిలో నువ్వు కట్టిచ్చిన సకినాలు ఈయన పళ్ళు చూసుకోకుండా తిన్నారు, కన్ను బాగుంది, పన్ను కదిలింది.

రూతమ్మను పాప దగ్గరే వదిలేసి వస్తుంటే స్టేషను దాకా అడుగుతూనే ఉన్నావు, ఎందుకు, ఎందుకని. లాస్య కోసం మొహమాటపడ్డానని అనుకున్నావు. కాదు. అక్కడ చెబితే ఏడుస్తానని చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం నువ్వు హాలులో ఎమిలీ గారితో కార్డు మీద తిరగలి అని రాయాలా, ఇసుర్రాయి అని రాయాలా అని పోట్లాడుతూ ఉండగా నేను విజయత్త దగ్గర ఉండిపోయాను కదా. ఆవిడ మంచం మీద, నేను కుర్చీలో. నాకు అమ్మ అంటే జ్వరమే గుర్తు కల్పా. మంచం, మందు సీసాలు, మెల్లగా మాట్లాడమని చెప్పే నాన్న. అందుకని అడిగాను, "అత్తా, మా అమ్మ బాగున్నప్పుడు ఎలా ఉండేది?"

ఆవిడ తలుపు వైపు చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని, గొంతు తగ్గించింది. "కల్పకు చెప్పకు. నా ఇజ్జత్ పోతది" అంది. చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు రాతలో తప్పుతున్నాను.

"మీరు బడికి పోంగనే, మొగోళ్ళు డ్యూటీకి పోంగనే, డోర మా ఇంటికొచ్చేది. తలుపుకు గొళ్ళెం పెట్టి, మీ గురుగుల డబ్బ తీసి ముందరేసుకునేటోళ్ళం."

"ఎందుకత్తా?"

"ఎందుకేందే? ఆడుకునేటందుకు! మాకు ఎవరు కొనిచ్చిండ్రు చిన్నప్పుడు? నాకు పదమూడేండ్లకే పెండ్లాయె. మీ అమ్మకు సుత చిన్నప్పుడు అసోంటివి లేకుండె."

ఆ లక్కపిడతల డబ్బా మనది కాదు కల్పా. మనం సాయంత్రం ఆడుకునేవాళ్ళం, అంతే. పగలంతా వాళ్ళదే. ఒకరోజు అమ్మ అత్త, విజయత్త కోడలు. మర్నాడు తారుమారు. అమ్మ మా నాయనమ్మలా చెంగు బిగించి, కళ్ళద్దాలు లేకపోయినా ముక్కు మీదికి తోసుకున్నట్టు తోసుకుని, "ఇదేనా పప్పు? దీన్నేనా మీ ఊళ్ళో పప్పంటారు?" అనేదట. విజయత్త పేలాలు పోసిన ఆ వేలెడు గిన్నె పట్టుకుని వణుకుతూ నిలబడేదట. ఇద్దరూ నవ్వి నవ్వి నేల మీద దొర్లేవారట. ఆ పసుపు బిందె మూతి విరిగితే మన ఇద్దరికీ చెరో రెండు దెబ్బలు పడ్డాయి, గుర్తుందా? విరగ్గొట్టింది మా అమ్మ. నవ్వుతూ దాని మీద కూర్చుంది. దెబ్బలు వేసింది కూడా మా అమ్మే.

ఇదంతా చెబుతూ విజయత్త ఎలా ఉందనుకున్నావు! ఎనభై ఏడేళ్ళ మనిషి మంచం మీద చెంగు బిగించి మా అమ్మలా, మా అమ్మ మా నాయనమ్మలా, రెండు గొంతులూ తనే పలికి చూపించింది. నేను మా అమ్మ గొంతు మరిచిపోయాను. అది అమ్మ గొంతో కాదో నాకు తెలియదు. కానీ ఆ నవ్వు నాకు బాగా నచ్చింది.

వచ్చే రైల్లో లెక్కేసుకున్నాను. అప్పుడు అమ్మకి ఇరవై ఎనిమిదేళ్ళు. మన లాస్య కంటే నాలుగేళ్ళు చిన్న. అమ్మది అంటూ నా దగ్గర ఒక్కటైనా ఉండాలని బొమ్మ కోసం వచ్చాను. వచ్చాక బొమ్మ అంత అవసరం అనిపించలేదు. పాపకే ఉండనీ.

ఒకరోజు మనకి బడి తొందరగా వదిలేశారట. మనిద్దరం వచ్చి తలుపు దబదబా బాదాం. లోపల ఇద్దరూ గిన్నెలన్నీ మంచం కిందికి తోసి, చీరలు దులుపుకుని, ఎవరు తలుపు తీయాలని గుసగుసలాడుకుని, చివరికి అమ్మను తోసిందట విజయత్త. అమ్మ తలుపు తీసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా వైపు చూసి కోపంగా అడిగిందట, "వచ్చారా? హోంవర్క్ ఎంత ఇచ్చారు?"

బుగ్గ మీద అతుక్కున్న పేలాల గింజ తీసుకోవడం మరిచిపోయి.

కృప